ఉప్పు మోసినవాళ్లది ఏ వర్గం?

"మా పన్నులతో మీరు చదువుకుంటున్నారు" అనే మాట వినని గిరిజన విద్యార్థి మన వైపు అరుదు. హాస్టల్లో మొదలవుతుంది, కాలేజీలో ముదురుతుంది, ఉద్యోగం వచ్చాక స్టాఫ్ రూములోకి కూడా వస్తుంది. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: "అయినా మీ ఎస్టీలకు ఇన్‌కం టాక్స్ ఉండదంట కదా!" ఈ రెండో మాటకు జవాబు సులభం. 1961 ఆదాయపు పన్ను చట్టంలో 10(26) అనే సెక్షన్ ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లోని నిర్దిష్ట ప్రాంతాల్లో, లడఖ్‌లో నివసించే షెడ్యూల్డు తెగలవారికి, అక్కడ సంపాదించిన ఆదాయం మీద అది మినహాయింపు ఇచ్చింది. మడకశిరలో పనిచేసే ఎరుకల టీచరుకూ, గుంతకల్లులో పనిచేసే సుగాలి రైల్వే ఉద్యోగికీ అది వర్తించదు. నమ్మనివాళ్లకు ఫారం 16 చూపిస్తే చాలు.

మొదటి మాటకు జవాబు అంత సులభం కాదు. పన్ను అంటే ఏమిటి, ఎవరు కడతారు, ఎవరి పేరు మీద రాసుకుంటారు, అది ఎటు పోతుంది అని అడగాల్సి వస్తుంది. ఇవన్నీ గట్టిగా అడిగినవాడు మార్క్స్. మన జిల్లాలో ఆ ఆలోచనకు పాత వేర్లున్నాయి. తరిమెల నాగిరెడ్డి ఈ నేలవాడే. "తాకట్టులో భారతదేశం" రాసింది ఆయనే. రంగనాయకమ్మ రాసిన "కాపిటల్" పరిచయం చదివి వాదించుకున్న టీచర్లు మా తరంలో చాలామంది ఉన్నారు. కాబట్టి మార్క్స్ మనకు కొత్త చుట్టం కాదు. అయితే ఆయన పేరు మీద తెలుగులో నడిచే చర్చలో మనవాళ్లు ఎక్కడున్నారని వెతికితే నాకు రెండే చోట్లు కనిపించాయి. కొండల్లో తిరగబడ్డ ఆదివాసి ఒక చోట ఉన్నాడు. మైదానంలో తిరిగే తెగకు మాత్రం "లంపెన్" అనే మాట మిగిలింది. ఈ వ్యాసం ఆ రెండో చోటు గురించి.

ముందు ఆయన పన్ను గురించి ఏమన్నాడో చూద్దాం. 1848 కమ్యూనిస్టు ప్రణాళికలో కార్మికవర్గం అధికారంలోకి వస్తే చేయాల్సిన పనుల జాబితా ఉంది. ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరిగే బరువైన ఆదాయపు పన్ను అందులో రెండో అంశం. చాలామందికి గుర్తున్నది ఇదొక్కటే. మనకు అంతకన్నా పనికొచ్చేవి 1850లలో ఆయన "న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్" పత్రికకు భారతదేశం గురించి రాసిన వ్యాసాలు. వాటిలో రెండింటికి మన మద్రాసు రాజధానితో సూటి సంబంధం ఉంది.

ఒకటి 1857 సెప్టెంబరులో వచ్చింది. శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్న ఫిర్యాదుల మీద మద్రాసులో ఒక కమిషన్ వేశారు, 1855లో నివేదిక ఇచ్చింది. వేళ్లను చెక్కల మధ్య నొక్కే కిట్టి, మెడకూ కాళ్లకూ తాడు బిగించి ఎండలో వంచి నిలబెట్టడం, ఇలాంటివన్నీ ప్రభుత్వ నివేదికలోనే ఉన్నాయి. శిస్తు వసూలు చేసే అధికారీ పోలీసు అధికారీ ఒక్కడే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి అన్నది మార్క్స్ పట్టుకున్న విషయం. రెండోది 1858 జూలైలో వచ్చిన పన్నుల వ్యాసం. భారతీయుడి మీద తలసరి పన్ను ఇంగ్లీషువాడి కన్నా చాలా తక్కువ కదా అని అప్పటి ఇంగ్లీషు పెద్దమనుషులు అనేవాళ్లు. తలకెంత అని చూస్తే చాలదు, ఆ తలకు రాబడి ఎంతో చూడాలి, వసూలైన దాంట్లో జనానికి తిరిగి ఏం వచ్చిందో కూడా చూడాలి అని ఆయన జవాబు. ఈ రెండు ప్రశ్నలు హాస్టల్ పిల్లలకు కంఠతా రావాలని నా కోరిక.

"కాపిటల్" మూడో సంపుటంలో ఇంకొక ముక్క ఉంది. ఆసియాలో లాగా రాజ్యమే నేరుగా భూమికి యజమానిగా నిలబడ్డ చోట కౌలూ పన్నూ ఒకటే అవుతాయి అంటాడు. సీడెడ్ జిల్లాలకు ఇది అచ్చంగా సరిపోతుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పాలెగాళ్లను అణచి, పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతిలో శిస్తు కట్టాడు. ఆ శిస్తు ఎంత బరువంటే, పోతూ పోతూ 1807లో 25 శాతం తగ్గించమని ఆయనే సిఫారసు చేశాడు. కంపెనీ అప్పుడు వినలేదు. అయినా మన వైపు ఆయన్ను మన్రోలప్ప అన్నారు, పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. శిస్తు వేసినవాడి పేరు కొడుక్కి పెట్టుకునే మనసు ఎలా తయారవుతుందో మార్క్సిస్టు సంస్కృతి విమర్శకులు ఎవరైనా కూర్చుని రాయాల్సిన విషయం.

ఇంతవరకూ మార్క్స్ మాటలు మన నేలకు అతుకుతాయి. కానీ గమనించండి, ఈ కథలో దెబ్బలు తిన్నవాడు పట్టా ఉన్నవాడు. శిస్తు రిజిస్టరులో పేరున్న రైతు. పేరు ఉంది కాబట్టే కిట్టి వేశారు. పేరే లేనివాడి సంగతేమిటి? మన సాహిత్యంలోనూ ఇంతే. తరిమెలలోనే పుట్టిన విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" అనంతపురం కరువుకు పెద్ద దిక్కు లాంటి కావ్యం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అందులో రంగడు కట్టెలు కొట్టి బతుకుతాడు. కానీ ఒకప్పుడు భూమి ఉండి చితికిపోయిన ఇంటివాడు. పోగొట్టుకోవడానికి భూమి ఉన్నవాడి దుఃఖం మనకు కావ్యంగా దొరికింది. గాడిదలూ కంట్లాలూ పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం పోలీసు ఫైళ్లలో దొరుకుతుంది.

మా ఎరుకలవాళ్లలో శాఖల పేర్లు చాలావరకు పని పేర్లే. వెదురు దబ్బలు చీల్చేవాళ్లు దబ్బల ఎరుకల. కరివేపాకు అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల. ఉప్పు మోసినవాళ్లు ఉప్పు ఎరుకల. ఇప్పుడు ఉప్పు ఎరుకల ఇంట్లో ఉప్పు అంటే అంగడి నుంచి తెచ్చిన ప్యాకెట్టే. పేరు మాత్రం మిగిలింది. ఆ పేరు వెనక ఒక మొత్తం వ్యాపారం ఉంది.

సముద్రం ఒడ్డున ఉప్పు పండుతుంది, లోపలి మెట్ట ప్రాంతాల్లో జొన్నా రాగీ పండుతాయి. మధ్యన బండి దారి కూడా సరిగా లేని వందల మైళ్లు. ఎద్దుల మీదా గాడిదల మీదా రెండు పక్కలా వేలాడే కంట్లాలు వేసి, పెళ్లాం పిల్లలతో సహా బయలుదేరి, లోపలి నుంచి ధాన్యం అటూ, ఒడ్డు నుంచి ఉప్పు ఇటూ చేర్చినవాళ్లలో మావాళ్లు ఒకరు. సుగాలీలది కూడా ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున. మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యాలకు ధాన్యం మోసింది వాళ్ల ఎద్దుల బిడారులే. ఊరికి ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే ఈ గుంపు కోసం ఊరు ఎదురుచూసేది. దారి పొడుగునా మేత కావాలి, మజిలీ కావాలి, నీళ్లు కావాలి. అవి ఇచ్చినందుకు ఊళ్లకు ఉప్పు వచ్చేది. తిరగడం ఇక్కడ ఒక అలవాటో వ్యసనమో కాదు, వ్యాపారం చేసే పద్ధతే అది.

దీన్ని విరగ్గొట్టిన వాటిలో మొదటిది పన్ను. 1805లో కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. పండించినవాడు కంపెనీకే ఇవ్వాలి, కొనేవాడు సర్కారు కొఠారులో పన్ను కలిసిన ధరకే కొనాలి. ధాన్యం ఇచ్చి ఉప్పు తెచ్చుకునే మార్పిడికి చోటు తగ్గి, చేతిలో రొక్కం ఉన్నవాడిది పైచేయి అయింది. ఊరికీ ఊరికీ మధ్య సరుకు మీద వేసే సాయరు సుంకాలు 1844లో తీసేశారు గానీ ఉప్పు మీద బరువు పెరుగుతూనే పోయింది. 1888 నుంచి 1903 దాకా మణుగుకు, అంటే సుమారు 37 కిలోలకు, రెండున్నర రూపాయల పన్ను. పిల్లలతో లెక్క చేయించండి. రెండున్నర రూపాయలంటే 40 అణాలు. కిలోకు అణా పైచిలుకు. మనుషులకూ పశువులకూ కలిపి ఏడాదికి 25 కిలోలు వాడే ఇల్లు అనుకుంటే దాదాపు 27 అణాలు పన్నుకే పోతాయి. పట్టా లేని కూలివాడు కట్టిన పన్ను అది. అతని పేరు ఏ రిజిస్టరులోనూ లేదు, డబ్బు మాత్రం ఖజానాలో ఉంది.

రెండోది రైలు. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా 1871కి లైను పూర్తయింది. 1890లలో గుంతకల్లు నుంచి బెంగుళూరు లైను హిందూపురం మీదుగా వచ్చింది. వ్యాగన్లలో ఉప్పు వచ్చాక గాడిదల బిడారు కోసం ఎవరు చూస్తారు? మధ్యలో 1876–78 కరువు బళ్లారి, అనంతపురం వైపు పశువులను ఊడ్చేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేత భూములకు హద్దురాళ్లు పడ్డాయి. ఈ వరుసను మద్రాసు రాజధాని కొరవల చరిత్రగా వివరంగా రాసినవారు మీనా రాధాకృష్ణ. 2001లో ఇంగ్లీషులో వచ్చిన ఆమె "డిజానర్డ్ బై హిస్టరీ" తెలుగులోకి రావాల్సిన పుస్తకం. తమిళ, కన్నడ ప్రాంతాల కొరవ, కొరమ, కొరచలూ మేమూ ఒకే చెట్టు కొమ్మలం. ఇప్పటికీ మడకశిర దాటి పావగడ వైపు పోతే కొరమవాళ్లు ఎస్సీ జాబితాలో ఉంటారు, ఇటు ఎరుకల ఎస్టీ. లంబాణీలూ అటు ఎస్సీలే, ఇటు సుగాలీలు ఎస్టీలు. చెక్‌పోస్టు దాటితే కులం కాలమ్ మారిపోతుంది.

వ్యాపారం పోయాక ఆ తిరిగే మనుషులు మిగిలారు. సర్కారుకు వాళ్లు అనుమానాస్పదులయ్యారు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులు అన్నారు. వేలిముద్రలు, రాత్రి హాజరీ, ఊరు దాటాలంటే పాసు. ఆపైన సెటిల్‌మెంట్లు: బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, కావలి, సీతానగరం, సిద్ధాపురం. స్టూవర్టుపురం జనం చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవారు. నేరం మాన్పించడం అని పేరు పెట్టిన చోట ఫ్యాక్టరీకి కట్టుబడి ఉండే కూలీ తయారైంది. ఇది మార్క్సిస్టు విశ్లేషణకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకనంత స్పష్టమైన విషయం. అయినా తెలుగు మార్క్సిస్టు వ్యాసాల్లో దీనికి దొరికిన పేజీలు చాలా తక్కువ.

ఎందుకు తక్కువ? ఇక్కడే నా అసలు ఫిర్యాదు. 1879 రంప తిరుగుబాటు అందరికీ తెలుసు. అది కూడా పన్ను మీద తిరుగుబాటే, కల్లు గీత మీద మున్సబుదారు చిగురుపన్ను, ఆపైన అబ్కారీ గుత్తలు. కొమరం భీం తెలుసు. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను చంపేశారు, పశువుల మేత మీద వేసిన పన్ను ఆ పోరాటం మూలాల్లో ఒకటి. శ్రీకాకుళం తెలుసు. వీటిని గుర్తుంచుకున్నందుకు మార్క్సిస్టులకు మనం రుణపడే ఉన్నాం, వాళ్లు రాయకపోతే పాఠ్యపుస్తకాల్లోకి ఇన్నైనా వచ్చేవి కావు. కానీ కొండ మీద ఆయుధం పట్టినవాడిని గుర్తుపట్టే కన్ను, మైదానంలో గాడిదను తోలుకుంటూ పోయేవాడిని గుర్తుపట్టలేదు. అతనికి కూలి లేదు కాబట్టి కార్మికుడు కాదు. భూమి లేదు కాబట్టి రైతు కాదు. మిగిలిన గంప ఒక్కటే, "లంపెన్".

ఆ మాట మార్క్స్‌దే. 1852లో ఫ్రాన్సు రాజకీయాల గురించి రాసిన "పద్దెనిమిదో బ్రుమేర్"లో లూయీ బోనపార్టు వెనక చేరిన ప్యారిస్ గుంపును వర్ణిస్తూ ఒక పొడవైన జాబితా ఇస్తాడు. జేబుదొంగలు, జైలు నుంచి వచ్చినవాళ్లతో పాటు అదే వాక్యంలో చింపిరిగుడ్డలు ఏరేవాళ్లు, కత్తులు సానబెట్టేవాళ్లు, గిన్నెలకు మాట్లు వేసేవాళ్లు, బిచ్చగాళ్లు కూడా ఉన్నారు. నేను ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు సగం మా చుట్టాలే కనబడ్డారు. ఊరూరూ తిరిగి పని చేసుకునేవాడు దొంగతో ఒకే వరుసలో నిలబడ్డాడు. ఆయన అప్పటి ప్యారిస్ గురించి రాశాడనీ, బోనపార్టు కిరాయి మూక మీద కోపంతో రాశాడనీ ఒప్పుకుందాం. అయినా ఆ మాట సముద్రాలు దాటి వచ్చి, మన చదువుకున్న అన్నల నోట "వాళ్లా, లంపెన్‌లు" అని అలవోకగా పలికినప్పుడు, 1911 చట్టం చెప్పిన మాటకూ దీనికీ తేడా ఏమిటని అడిగే హక్కు మనకుంది.

విచిత్రమేమంటే ఆ మాటకు విరుగుడు కూడా మార్క్స్ దగ్గరే ఉంది. రెండు చోట్ల. 24 ఏళ్ల వయసులో, 1842లో, ఆయన "రైనిష్ జైటుంగ్" పత్రికలో కట్టెల దొంగతనం చట్టం మీద రాశాడు. అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం రైన్ ప్రాంతపు పేదలకు తరతరాల వాడుక. అక్కడి శాసనసభ దాన్ని దొంగతనం కింద చేర్చాలని చూసింది. ఆచారంగా ఉన్న హక్కును ఆస్తి పేరు మీద నేరంగా మార్చేస్తున్నారు అన్నది ఆయన అభ్యంతరం. ఆర్థిక విషయాల వైపు తనను మొదట తిప్పింది ఆ చర్చలేనని తర్వాత 1859లో ఆయనే చెప్పుకున్నాడు. మన వైపు ఈతబరిగెలు కోసుకోవడానికి వెళ్లి వాగు గట్టున కేసు పెట్టించుకున్న ఇళ్లకు ఈ వ్యాసం వివరించనక్కర్లేదు.

రెండోది 1867 నాటి "కాపిటల్" మొదటి సంపుటం చివరి భాగం. ఇంగ్లండులో భూముల నుంచి వెళ్లగొట్టిన జనం బిచ్చగాళ్లు, దొంగలు, దేశదిమ్మరులు అయ్యారు. కొందరు ఇష్టపడి, ఎక్కువమంది పరిస్థితుల వల్ల. చట్టం మాత్రం వాళ్లను కావాలని చెడిపోయినవాళ్లుగా చూసింది. 1547 చట్టం కింద తిరిగేవాడి రొమ్ము మీద కాల్చిన ఇనుముతో ముద్ర వేశారు. ఆ ముద్రలతోనే జనానికి కూలి క్రమశిక్షణ నేర్పారంటాడు. ఈ అధ్యాయం అచ్చయిన నాలుగేళ్లకు ఇక్కడ నేరస్థ తెగల చట్టం వచ్చింది. కొద్ది పేజీల తర్వాత ఆయన ఉప్పు దగ్గరికి కూడా వస్తాడు. ఉప్పు, నల్లమందు, వక్కల గుత్తాధిపత్యాలు కంపెనీ ఉద్యోగులకు తరగని గనులయ్యాయని రాస్తాడు. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఆ రెండు అధ్యాయాలూ కలిసేవి: ఉప్పు గుత్తాధిపత్యం వల్ల దారి తప్పిన మనుషులే దేశదిమ్మరుల చట్టం కిందికి వచ్చారు. ఆ అడుగు ఆయన వేయలేదు. లండన్‌లో కూర్చుని వేయలేకపోయాడంటే అర్థముంది. అనంతపురంలో, కర్నూలులో, ప్రకాశంలో కూర్చున్నవాళ్లు వేయకపోవడం గురించే నా బాధ.

సంస్కృతి గురించి కూడా ఒక మాట. పునాది, ఉపరితలం అనే జంట మనకు టీటీసీ రోజుల నుంచీ తెలుసు. ఆర్థికం పునాది, సంస్కృతి దాని మీది కట్టడం. దీన్ని కొందరు నీడ లెక్కన చదువుతారు, వస్తువు పోతే నీడ పోతుందన్నట్టు. ఉప్పు వ్యాపారం పోయి నూరేళ్లు దాటింది. ఉప్పు ఎరుకల అన్న పేరు పోలేదు, ఇంట్లో మాట్లాడుకునే కుర్రు భాష పూర్తిగా పోలేదు. పద్మావతి కథలో శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం కట్టాడని హరికథలో చెబితే ఊరంతా చేతులు జోడిస్తుంది, మర్నాడు నిజమైన ఎరుకలసాని బుట్టతో వీధిలోకి వస్తే తలుపులు మూసుకుంటుంది. అబ్కారీ, ఉప్పు, అటవీ శాఖల రిజిస్టర్లు దాచిన లెక్కను ఈ పేర్లూ పాటలూ దాచి పెట్టుకున్నాయి. కాబట్టి ఉపరితలాన్ని కూడా పత్రంలా చదవాలి. అలా చదవగల మార్క్సిస్టులు ప్రపంచంలో ఉన్నారు, మన దగ్గర ఇంకా తక్కువ.

ఇప్పటి విషయానికి వస్తాను. ఉప్పు పన్ను 1947లో పోయింది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్నీ తీసేసింది. దేశం మొత్తానికి 1952 ఆగస్టు 31. ఇవాళ జీఎస్టీలో మామూలు ఉప్పు మీద పన్ను సున్నా. అంతమాత్రాన పేదవాడు పన్నులోంచి బయటపడ్డాడనుకోకూడదు. 299 రూపాయల మొబైల్ రీఛార్జి తీసుకోండి. దాంట్లో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంది. అంటే 45 రూపాయల 61 పైసలు పన్ను. గంపలల్లే ముసలమ్మ చేయించినా అంతే, పెద్ద కాంట్రాక్టరు చేయించినా అంతే. ఒంటి సబ్బు మీద 2025 సెప్టెంబరు 22 దాకా 18 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 5 అయింది. అంటే జీఎస్టీ వచ్చిన 2017 జూలై నుంచి సుమారు ఎనిమిదేళ్ల పాటు మన తండాల్లో, ఎరుకల కాలనీల్లో స్నానం చేసిన ప్రతివాడూ ఆ 18 శాతం కట్టాడు. పెట్రోలు జీఎస్టీలో లేదు. కేంద్రం ఎక్సైజు, రాష్ట్రం వ్యాటు రెండూ పడతాయి. కర్ణాటకలో ధర తక్కువని మన బండ్లు సరిహద్దు దాటి పోసుకొస్తాయి, ఆ సంగతి మడకశిరలో చిన్నపిల్లాడికీ తెలుసు.

గంప సంగతి చూడండి. చిన్న వ్యాపారి జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకోనక్కర్లేదు, కాబట్టి అల్లినవాడు పన్ను వేయడు. అందుకని అతను పన్ను కట్టడని చెప్పుకుంటారు. కానీ అతను కొన్న టార్పాలిన్, ఫోను రెండిటి మీదా కట్టాడు. రిజిస్టరైన వ్యాపారి తాను కొన్నదాని మీద కట్టిన పన్నును తాను వసూలు చేసినదాంట్లోంచి తగ్గించుకుంటాడు. గంపలవాడికి తగ్గించుకునే దారి లేదు. పట్టా లేని ఉప్పు కూలీ ఎలాగో ఇతనూ అలాగే: కడతాడు, పేరుండదు.

మద్యం గురించి ఎక్కువ రాయను. సర్కారు రాబడిలో దాని వాటా ఎంతో, ఆ డబ్బు ఏ ఇళ్ల నుంచి వస్తుందో మన ఆడవాళ్లను అడిగితే చెబుతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక పోరాటాన్ని నేను పన్ను పోరాటంగా కూడా చదువుతాను. సర్కారుకు పోయే ఆ రాబడిని వాళ్లు తమ వాకిట్లోనే ఆపారు.

ఇక "మా పన్నులతో" అన్నదానికి మార్క్స్ ఇచ్చే జవాబు 1875 నాటి "గోథా కార్యక్రమంపై విమర్శ"లో ఉంది. ఒక సమాజం పండించిన మొత్తాన్ని పంచుకునే ముందు దాంట్లోంచి కొన్ని తీసి పక్కన పెట్టాలి అంటాడు: అరిగిపోయిన పనిముట్ల కోసం, ఆపదల కోసం, బడులకూ వైద్యానికీ, పని చేయలేనివాళ్ల కోసం. ఆయన చెబుతున్నది రాబోయే సమాజం గురించి, మన ఇప్పటి బడ్జెట్ గురించి కాదు. ఆ తేడా మరచిపోకూడదు. కానీ ఆ చూపుతో చూస్తే హాస్టల్ అన్నం ఎవరి జేబులోంచో పడిన దానం కాదు, అందరి శ్రమలోంచి ముందే పక్కన పెట్టిన భాగం. అందులో ఆ పిల్లవాడి తల్లి వేరుశనగ కోతలో వంగిన నడుమూ ఉంది, ఆమె ఫోను రీఛార్జిలోని 45 రూపాయలూ ఉన్నాయి. మన రాష్ట్రంలో 2013 ఉపప్రణాళిక చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమంటుంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలు 5.53 శాతం. కేటాయించినది ఎంత, ఖర్చయినది ఎంత, అది మన గూడేనికి చేరిందా, ఊరి మధ్య రోడ్డుకు చేరిందా అని అడగడం దానం అడగడం కాదు.

తోటి టీచర్లతో ఒక చిన్న సంగతి చెప్పి ఆపుతాను. అడ్మిషన్ రిజిస్టరులో, ఏటా నింపే సర్వే ఫారాల్లో తల్లిదండ్రుల వృత్తి అని ఒక గడి ఉంటుంది. మన పిల్లలందరి పేర్ల ఎదురుగా మనం "కూలి" అని రాసేస్తాం, త్వరగా అయిపోతుందని. ఈ ఏడాది తల్లినో తండ్రినో పిలిచి అడిగి రాద్దాం. ఈతగంపల అల్లిక, పందుల పెంపకం, సోది చెప్పడం, కరివేపాకు అమ్మకం, రోలుకు గంట్లు పెట్టడం, బెంగుళూరులో బేల్దారి పని. తాతది కూడా అడిగితే ఎక్కడో ఒక చోట "ఉప్పు మోసేవాడు" అని వస్తుంది. గడిలో పట్టకపోతే పక్క అంచులో రాయొచ్చు, ఆన్‌లైన్ ఫారం ఒప్పుకోకపోతే మన దగ్గరే ఒక నోటుపుస్తకం పెట్టుకోవచ్చు.